బెదురు మందు

నూకరత్నం నాలుక మొద్దుబారిన రోజునే ఆమెకి ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగం కోసమని ఆమె అక్కడికి వెళ్ళలేదు. విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ పరిశోధనశాలకి నెలకోసారి మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేది. మొగుడి పేరు తెడ్డు ఎల్లాజీ. జాలరిపేటలో ఎవరి వల చిరిగినా ఆయన ముందు పడాల్సిందే. అంత చెయ్యి తిరిగిన మనిషికి నలభై ఎనిమిదో ఏట ఆ చేతులే వణకడం మొదలెట్టాయి. ముందు వల అల్లే పుల్ల జారింది, తర్వాత టీ గ్లాసు, ఆ తర్వాత అన్నం ముద్ద. నరాలు ఎండిపోయే జబ్బన్నారు ఆసుపత్రిలో. ఇవాళ చేతులు, రేపు కాళ్ళు, చివరికి గొంతు మింగడం మానేస్తుందని ఉన్నమాట ఉన్నట్టు చెప్పేశారు. మూడేళ్ళు అలా గడిచాక, అదృష్టమో ఏమో, కొత్త మందు పరీక్షకి ఎంచుకున్న పదకొండు మందిలో ఎల్లాజీ పేరు వచ్చింది. రోజుకి మూడు చుక్కలు, గ్లాసుడు నీళ్ళలో. మూడో వారానికే వణుకు కట్టేసినట్టు ఆగిపోయింది.

ఆ రోజు ఎల్లాజీ లోపల డాక్టర్ హైమవతి ఎదుట కూర్చుని సూదిలో దారం ఎక్కించి చూపిస్తున్నాడు. బయట వసారాలో గాజు తొట్లు వరసగా ఉన్నాయి. తొట్టి నడుమ కొమ్మలు కొమ్మలుగా పగడం, ఆ కొమ్మల సందుల్లో బొటనవేలి కణుపంత పసుప్పచ్చ చేపలు. గోబీలనే జాతివట. వాటిలో ఒకటి కొమ్మ విడిచి, అడుగున పక్కకి ఒరిగి రొప్పుతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేపల మధ్య బతికిన మనిషికి చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. మూత జరిపి, వేలు ముంచి, నాలిక మీద రాసుకుంది.

"డాక్టరమ్మా! ఈ నీల్లల్లో ఉప్పెక్కువైపోనాదమ్మా!" అని కేకేసింది. మళ్ళీ ఏదో అనబోతే మాట రాలేదు. నాలుక తిమ్మిరెక్కి నోట్లో దూదిముద్దలా అడ్డం పడింది.

హైమవతి పరుగున వచ్చింది. గొట్టం ముంచి ఉప్పు కొలిచి చూస్తే రత్నం చెప్పింది నిజమే. నీళ్ళు ఆవిరై ఉప్పు చిక్కబడింది, ఎవరూ చూసుకోలేదు. "వీటి ఒంటి జిగురు విషం. పొలుసులు లేవుగా, ఆ జిగురే వీటికి రక్ష. పెద్ద చేప నోట కరుచుకున్నా ఉమ్మేస్తుంది. నువ్వేమో నాలిక మీద పెట్టుకున్నావు!" అని నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది. "రత్నం, నాలుగు నెలల్లో నలభై చేపలు చచ్చాయి నా దగ్గర. రేపటినుంచి వచ్చి వీటిని చూసుకుంటావా? మీ ఆయన మందు వచ్చేది వీటి జిగురు నుంచే."

రత్నం తలాడించింది. ఆ పూటకి అంతకంటే ఏమీ చెయ్యలేకపోయింది.

ఆమె చేరాక చావులు ఆగాయి. పొద్దున్నే ఎంత నీరు ఆవిరైందో చూసి అంత మంచినీళ్ళు కలిపేది. ముందు కొసనాలికకి ఒక్క బొట్టు తాకించి వెంటనే ఉమ్మేసి, తర్వాత గొట్టంతో ఉప్పు చూసేది. రెండూ ఎప్పుడూ ఒకే మాట చెప్పేవి. సీసాల్లో ఉప్పురొయ్య గుడ్లు పొదిగించి, నలుసుల్లాంటి ఆ పిల్లల్ని సన్నటి గొట్టంతో సరిగ్గా కొమ్మల సందుల్లోకే వదిలేది. ఈ చేపలు తిండి కోసం పగడం వదిలి తిరగవు, తిండే వాటి ముంగిటికి వెళ్ళాలి. ఒక పగడానికి ఒక్క జంట. మూడోది చేరితే తరిమి తరిమి చంపుతాయి. మగవి దొరక్క రెండు ఆడవాటిని కలిపి పెడితే, నెల తిరిగేసరికి అందులో ఒకటి మగదైపోయి గుడ్లకి కాపలా కాసింది. రత్నం నోరు వెళ్ళబెట్టుకుని చూసింది. పసుపుబొట్లు అని వాటికి పేరు పెట్టుకుంది. ఆమె చెయ్యి కనిపిస్తే చాలు, అవి కొమ్మ చివరిదాకా వచ్చి నిలబడేవి.

కష్టమల్లా పదకొండు గంటల పని. దాన్ని అక్కడివాళ్ళు బెదురు అనేవారు. కర్రకి కట్టిన మూరెడు నల్లటి ప్లాస్టిక్ చేపని, నోరు తెరిచినదాన్ని, ఉన్నట్టుండి తొట్టిలోకి దించాలి. పది లెక్కపెట్టాలి. పసుపుబొట్లు పగడం లోలోపలికి దూరి, కొయ్యబారిపోయి, ఒళ్ళంతా జిగురు కప్పుకుంటాయి. అప్పుడు పగడంతో సహా గిన్నెలోకి తీసి, జిగురు దిగిన నీళ్ళని చల్లబరిచే యంత్రంలో పెట్టి, వాటిని మళ్ళీ తొట్టిలోకి వదిలెయ్యాలి. మామూలప్పుడు వచ్చే జిగురులో వట్టి విషమే ఉంటుంది. బెదిరిన క్షణంలో వచ్చే జిగురులోనే, నరాన్ని కదలకుండా పట్టి ఉంచే పదార్థం ఉంటుంది. దాన్ని సొంతంగా తయారుచెయ్యాలని హైమవతి ఆరేళ్ళు తంటాలుపడి విసిగిపోయింది. చేప బెదరాల్సిందే.

మొదటి రోజు రత్నం ఆ పని చేసినప్పుడు, గుడ్లకి కాపలా కాస్తున్న మగచేప ఎంత గట్టిగా సందులోకి ఇరుక్కుందంటే దాని పక్క రెక్క చీరుకుపోయింది.

రెండో రోజు, ప్లాస్టిక్ చేపని దించబోయే ముందు, గాజు మీద గోటితో రెండుసార్లు తట్టింది. అదేమీ ఆలోచించి చేసిన పని కాదు. రత్నం తల్లి బతికున్నన్నాళ్ళూ ప్రాణమున్న పీతనైనా చేపనైనా కొయ్యబోయే ముందు కత్తిపీట చెక్క మీద రెండుసార్లు తట్టేది. "సెప్పి కొయ్యాలే. సెప్పకుండా కోస్తే దొంగతనం" అనేది. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలందరికీ ఆ తట్టడం వేళ్ళలోనే ఉంది. రత్నం రోజూ తట్టింది. ఎవరూ చూడలేదు, చూసినా పట్టించుకోలేదు.

ఇంటి దగ్గర సంగతి వేరే.

వణుకు ఆగిన చేతులతో ఎల్లాజీ ఒక్క వలా బాగుచెయ్యలేదు. మందు మొదలెట్టిన రెండో నెలలోనే ఆయనకి ఏదో పట్టుకుంది. కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడి గోడకి అంటుకుపోయేవాడు. పెరట్లో గెద్ద నీడ పాకితే ఇంట్లోకి పరిగెత్తేవాడు. పన్నెండో ఏట నుంచీ తెప్ప మీద తిరిగిన మనిషి, అల చప్పుడు వినబడకుండా కిటికీ మూయమనేవాడు. చివరికి బీరువాకీ గోడకీ మధ్య జానెడున్న సందుని రెండు మూరలు చేసుకుని, అందులో కూర్చోవడం మొదలెట్టాడు. ఎంత పిలిచినా వచ్చేవాడు కాదు. కళ్ళు మాత్రం కనిపించేవి.

నెలనెలా హైమవతి అడిగేది, ఇంకేమైనా ఇబ్బందుందా అని. "ఏటీ నేదమ్మా" అనేవాడు ఎల్లాజీ. జాలరివాడు నీడకి జడుస్తున్నానని ఏ నోటితో చెబుతాడు? రత్నం కూడా నోరు మెదపలేదు. చెబితే పేరు కొట్టేస్తారేమో, మందు ఆపేస్తారేమో అని ఆమె గుబులు. మొగుడూ పెళ్ళాం చెరో వైపు నుంచీ ఆ సంగతి దాచిపెట్టారు.

రత్నం ఉద్యోగంలో చేరిన రెండో నెలకి ఎల్లాజీ సందులోంచి బయటికొచ్చాడు. మూడో నెలకి ఒడ్డుకి వెళ్ళి పడవల నీడన కూర్చుని పాత స్నేహితులతో బాతాకానీ కొట్టడం మొదలెట్టాడు. రత్నానికి ప్రాణం లేచొచ్చింది. ఆడచేప మగచేప అయిన కథ చెబితే పడీ పడీ నవ్వాడు.

"అయితే నాను పోయినా నీకు బెంగ నేదన్నమాట. నువ్వే మగోడివైపోతావు" అన్నాడు.

"ఇప్పుడు మాత్రం ఈ ఇంట్లో మగోడెవుడేటి?" అంది రత్నం. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. ఆ నవ్వులో ఆయన చేతిలో గ్లాసు కదిలి టీ సాసరులోకి ఒలికింది. రత్నం చూసింది. నవ్వు వల్లేలే అనుకుంది. మర్నాడు నవ్వకపోయినా ఒలికింది. అప్పుడు కూడా చూడనట్టే ఊరుకుంది.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం హైమవతి ఆమెని గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"అనకాపల్లి సూర్యకాంతం నిన్న పోయింది రత్నం. మన పదకొండు మందిలో మిషను కుట్టుకునేదే, ఆవిడ. ఇడ్లీ గొంతుకి అడ్డం పడింది. మందు వేసుకుంటూనే ఉంది. మందులో బలం లేదు."

హైమవతి తొట్ల మీద ఉండే కెమెరా తీసిన వీడియోని తెర మీద చూపించింది. గాజు మీద రత్నం గోరు. టక్, టక్. తర్వాత నల్ల చేప దిగింది. పసుపుబొట్లు ఒకటి రెండు అంగుళాలు వెనక్కి జరిగి, తీరిగ్గా చూస్తూ కూర్చున్నాయి. ఒకటైతే ఆ ప్లాస్టిక్ ముక్కు దగ్గరకే వచ్చింది.

"నువ్వు చెబుతున్నావు, అవి వింటున్నాయి. తట్టాక వచ్చేది ఏమీ చెయ్యదని వాటికి తెలిసిపోయింది. అయిదు నెలలుగా జిగురులో బెదురు తగ్గుతూ వస్తోంది. నేను యంత్రాన్ని అనుమానించాను, నీళ్ళని అనుమానించాను. ఇది తట్టలేదు నాకు."

"నాను సంపినానా అమ్మా ఆవిణ్ణి?"

"జబ్బు చంపింది" అంది హైమవతి. కానీ ఆ మాట ఒక క్షణం ఆలస్యంగా అంది. రత్నానికి ఆ క్షణమే గుచ్చుకుంది.

అప్పుడు రత్నం దాచుకున్నదంతా కక్కేసింది. బీరువా సందు, గెద్ద నీడ, మూసిన కిటికీ. మందు పలచబడ్డాకే మొగుడు మనిషయ్యాడని చెప్పి భోరుమంది. హైమవతి తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "ఆ జిగురు చేప ఒంటికి చెప్పేది ఒక్కటే. కదలకు, దాక్కో అని. అది చెయ్యని కదలకుండా ఆపుతోంది. మనసుకీ అదే చెబుతోంది కాబోలు. మిగతా వాళ్ళు కూడా నాకు చెప్పలేదన్నమాట."

మర్నాటి నుంచి తట్టొద్దంది. తిండి పెట్టడం మానొద్దంది, ఆమె పెట్టకపోతే అవి బతకవు కాబట్టి. బతికున్న పదిమందికీ కబురు చేసి, ఇదీ సంగతి, బలమైన మందు వేసుకుంటే ఈ బెదురు తప్పదు, కావాలో వద్దో మీరే చెప్పండి అని అడిగింది. తొమ్మిది మంది కావాలన్నారు.

వద్దన్నది ఎల్లాజీ ఒక్కడే.

"ఒలే రత్నం, నాను సెప్పేది ఇను" అన్నాడు ఒడ్డున పడవకి ఆనుకుని. ఎండ వాలుతోంది. ఒళ్ళో పెట్టుకున్న రెండు చేతులూ ఆడిపోతున్నాయి. "వొనుకుతున్నా నాను నానే. ఆ బీరువా ఎనకాల కూకున్నోడు నాను కాదు. ఆడెవుడో నాకు తెల్దు."

"గొంతు పడిపోద్దయ్యా. ఆవిడకి అయినట్టే అవుద్ది."

"అయినప్పుడు అవుద్ది. ఇన్నేల్లు గంగమ్మ మీద తిరిగినోన్ని, గెద్దని సూసి దాక్కుని బతకమంటావా?" కాసేపు అలల్ని చూశాడు. "నాకు తెలీకుండా మాత్రం ఏటీ సెయ్యకు. ఒట్టెయ్యి."

రత్నం ఆయన చేతిలో చెయ్యి వేసింది. ఆ వణుకు ఆమె మోచేతిదాకా పాకింది.

పరిశోధనశాలలో ఆమె తట్టడం మానేసింది. వేళ కూడా మార్చమన్నారు. ఒకరోజు తొమ్మిదింటికి, ఒకరోజు మూడింటికి, ఒక్కోసారి తిండి గొట్టం వెనకే నల్ల చేప. మొదటి వారం పసుపుబొట్లు ఆమె చేతికి ఎదురొచ్చాయి. రెండో వారం చెయ్యి చూసి ఆగాయి. నాలుగో వారానికి ఆమె మనిషి నీడ పడితేనే లోపలికి దూరిపోయేవి. ఉప్పురొయ్య పిల్లలు మూతి ముందు ఈదుతున్నా నోరు తెరిచేవి కావు. రెక్క చీరుకున్న మగచేప ఒకరోజు తను కాపలా కాస్తున్న గుడ్లన్నీ తనే తినేసింది. గాబరా ఎక్కువైతే అలా తింటాయని హైమవతి చెప్పింది. జిగురు బ్రహ్మాండంగా ఉందని కూడా చెప్పింది. తొమ్మిది మందికీ వణుకు ఆగిపోయింది.

ఇంట్లో ఎల్లాజీ గంజి మాత్రమే తాగుతున్నాడు. దాన్ని కూడా రత్నమే చెంచాతో పట్టేది. ఒక మధ్యాహ్నం నాలుగో చెంచా దగ్గర గొంతు పట్టేసింది. కళ్ళు బయటికొచ్చాయి, పెదాలు నల్లబడ్డాయి. రత్నం వీపు మీద గుద్దింది, వంచింది, మళ్ళీ గుద్దింది. ఎంతసేపటికో ఒక్క మెతుకు బయటపడింది. ఒకే ఒక్క మెతుకు. ఎల్లాజీ ఆయాసం తీరాక నవ్వబోయాడు. "పోనేదులే" అన్నాడు. రత్నానికి నవ్వు రాలేదు. ఆ మెతుకుని వేలి మీద పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది.

పరిశోధనశాల ఫ్రిజ్‌లో ఎల్లాజీ పేరు రాసిన సీసా ఉంది, మనసు మార్చుకుంటాడేమోనని హైమవతి ఉంచింది. మర్నాడు రత్నం అది అడిగి తెచ్చుకుంది. "ఒప్పుకున్నాడా?" అంటే "ఒప్పుకున్నాడమ్మా" అంది. ఆ మధ్యాహ్నం వంటింట్లో, వీపు అటు తిప్పి, గంజిలో మూడు చుక్కలు వేసింది.

పది రోజులకి ఎల్లాజీ గంజి తనే తాగాడు. పదిహేనో రోజుకి మెత్తటన్నం తిన్నాడు. జబ్బు తనంతట తనే వెనక్కి తగ్గిందనుకుని, పక్కింటి వల తెప్పించుకుని వాకిట్లో కూర్చున్నాడు. పుల్ల ఆడుతుంటే వల పొడుగునా ముడులన్నీ ఒకే కొలతలో పడ్డాయి. రత్నం గుమ్మంలో నిలబడి చూస్తూ ఏడ్చింది, సంతోషంతోనే ఏడ్చింది. అంతలో గెద్ద ఒకటి ఇంటిమీంచి పోయింది. ఎల్లాజీ చేతిలో పుల్ల ఆగింది. ఆయన ఆకాశంకేసి చూడలేదు. రత్నంకేసి చూశాడు. వలని అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె వెళ్ళేసరికి బీరువా సందులో ఉన్నాడు.

"ఒలే, ఆ మందు... నువ్వు ఎయ్యనేదు గదా?" గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"నేదయ్యా" అంది రత్నం.

ఆ తర్వాత ఆయన మళ్ళీ అడగలేదు. అసలు మాట్లాడడమే తగ్గించేశాడు. కంచం సందు దగ్గర పెట్టి దూరం జరిగితేనే తినేవాడు. ఆమె కాళ్ళ చప్పుడు వినిపిస్తే ఇంకా లోపలికి జరిగేవాడు. రోజంతా పరిశోధనశాలలో తనని చూసి దాక్కునేవాటికి తిండి పెట్టడం, ఇంటికొచ్చి మళ్ళీ అదే పని. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఎన్నోసార్లు కోప్పడ్డాడు, రెండుసార్లు అలిగి కాకినాడ వెళ్ళిపోయాడు. ఆమెని చూసి జడవడం మాత్రం ఇదే మొదటిసారి. అది ఆమె ఓర్చుకోలేకపోయింది.

ఇరవయ్యో రోజు సెలవు పెట్టింది. మిట్టమధ్యాహ్నం, ఇల్లంతా వెలుగు. స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి, సీసా పట్టుకుని వచ్చి, సందుకి ఎదురుగా నేల మీద కూర్చుంది. లోపల ఆయన మోకాళ్ళు, వాటి మీదుగా రెండు కళ్ళు. ఆ కళ్ళకి కనబడేట్టు ఎత్తిపట్టి మూడు చుక్కలు వేసింది. గ్లాసుని నేల మీద పెట్టింది. వేలు ఎత్తి, గచ్చు మీద రెండుసార్లు తట్టింది.

"ఇది ఆ మందయ్యా. ఇరవై రోజులై ఏస్తన్నాను. నీకు సెప్పకుండా ఏసినాను. అడిగితే నేదని అబద్దమాడినాను." తట్టిన వేలు గచ్చు మీదే ఉంచింది. "సేపకి సెప్పినాను గానీ నీకు సెప్పనేదు. ఇప్పుడు సెప్తన్నాను. పారబొయ్యమను, పారబోసేస్తాను. నువ్వు పోతే పోయినావు, నాను ఏడుత్తాను. అంతే గానీ ఇంక దొంగతనం సెయ్యను."

వీధిలో ఎవరో ఐసు పెట్టెలు లాక్కెళుతున్నారు. రత్నం వేచి ఉంది. పారబొయ్యమంటాడని భయపడింది, అనడేమోనని కూడా భయపడింది.

చాలాసేపటికి సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. వలతాళ్ళు కోసిన పాత గీతలున్న చెయ్యి. నేల మీద మెల్లగా పాకి గ్లాసు దాకా వచ్చి ఆగింది. తర్వాత దాన్ని ఎత్తింది. తీసుకున్నది ఎల్లాజీయో, చావుకి బెదిరి ఆయనలో దాక్కున్న ఆ రెండోవాడో రత్నానికి తెలియలేదు. అడగడానికి ఆమెకి నోరు రాలేదు.

అంచుదాకా నిండిన గ్లాసు సందులోకి వెళ్ళిపోయింది. గచ్చు మీద ఒక్క చుక్క కూడా ఒలకలేదు.